బొట్టు పెట్టిన వెదురు పుల్ల

కొండమీది పంపుహౌసు,
14 ఆగస్టు 1998

ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారికి,

మూడో నంబరు మోటారు సోమవారం తిప్పాలన్న మీ ఆదేశం అందింది. నేను తిప్పను.

వైండింగులోకి వెళ్లే కరెంటుకీ బయటికొచ్చే కరెంటుకీ తేడా వస్తే మోటారును ఆపాల్సిన రిలేలో, అది కదలకుండా వెదురు పుల్ల దూర్చారు. నిరుడు ఆయుధపూజలో దానికీ బొట్టు పెట్టారు. “స్టార్టు సేసినపుడల్లా ట్రిప్పయిపోతంటే ఏటి సేత్తామమ్మా? తిట్లు మాకే గదా” అన్నాడు ఆపరేటరు సోంబరు.

తప్పు అతనిది కాదు. ఒకవైపు కరెంటు కొలిచే సీటీ కాలిపోతే మనం వేరే రకం బిగించాం, రిలే సెట్టింగు మళ్లీ లెక్కకట్టలేదు. స్టార్టింగు కరెంటుకు లెక్కేస్తే, మోటారులో ఏ లోపమూ లేకున్నా రెండు సీటీల మధ్యే 0.9 ఆంపియర్ల తేడా వస్తోంది. రిలే ఇంకా 0.5 తేడాకే ఆపేసేలా ఉంది. 1.5కి మార్చాలి. నిజంగా లోపల కాలితే తేడా అంతకు ఎన్నో రెట్లుంటుంది కనుక రక్షణ పోదు. లెక్క జతచేశాను, మీ సంతకం కావాలి.

పుల్లను ఈ కవరులోనే పంపుతున్నాను. ఇక్కడ వెదురుకు కొదవ లేదు. ఇంకోటి చెక్కమనాలంటే ఆ మాట మీ చేత్తో రాసి పంపండి, సోంబరుకు చదివి వినిపిస్తాను.

అసిస్టెంట్ ఇంజినీరు