అమ్మ అని పేరున్న పాట

అత్తా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నీ కొడుకు బెంగళూరులో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ ఒకటి, పాటలు కూడా వినిపించేది, కొన్నాడు. పోయిన వారం దాంట్లోకి పాటలు ఎక్కించాం. ఫోనులోంచి తీసి దాంట్లో వేసిన మెమరీ కార్డు నిండిపోతే, "నీకొద్దనేవి తీసేయ్ మే" అన్నాడు. ఇంగ్లీషులో 'అమ్మ' అని ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివి, సినిమా పాటేమో అనుకుని తీసేశాను. అది చెనక్కాయలు ఒలుస్తూ నువ్వు పాడుతుంటే ఆయన ఫోనులో పట్టుకున్న పాట. ఇంకెక్కడా లేదు.

పొద్దున నీ పటం ముందర వినిపించాలని వెదికి, "నేనే యాడనో తుడిపేసినట్లుండా" అని తల కొట్టుకున్నాడు.

ఆయనకు ఏం చెప్పాలన్నా నీచేతే చెప్పించేదాన్ని. "మొగునితో మాట్లాడేదానికీ నేనే కావల్నా?" అని ఎగతాళి చేసేదానివి. ఇది మాత్రం నేనే చెప్పాలి. ఇప్పటికి రెండుసార్లు ఆయన దగ్గరికి పోయి, మంచినీళ్లిచ్చి వచ్చేశాను.