సంచి మోసే మనిషి

పుంగనూరు,
జూన్ 2006.

అరుళప్పన్నకు, తమ్ముడిలాంటి రాయప్ప వందనాలతో రాసుకునేది.

కుప్పం బస్సు డిపోకు మారాక అక్కడి నీళ్లు ఒంటికి పడ్డాయా? వదినమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇవన్నీ ఫోన్ చేసి అడగొచ్చు. కానీ నేను చెప్పబోయేది ఫోన్లో చెబితే నువ్వు మధ్యలోనే అందుకుని, నన్ను నవ్వించి, మాట మళ్లిస్తావు. అందుకే ఉత్తరం.

అన్నా, నేను మన చర్చి విన్సెంట్ సభ మానుకుంటున్నాను. వచ్చే నెల మదనపల్లె మీటింగులో రాజీనామా ఇచ్చేస్తాను. కాగితం రాసి కుట్టుమిషన్ సొరుగులో పెట్టుకున్నాను. అలసిపోయాను. రోజంతా మిషన్ తొక్కే కాళ్లకు అలసట కొత్త కాదు గానీ ఇది వేరే.

నీకు బదిలీ అయ్యాక నేను బియ్యం తీసుకుని ఒక్క పేద ఇంటికీ పోలేదు. ఎవరైనా అడిగితే, జోడీ లేదు, ఒంటిగా పోకూడదు కదా అంటున్నాను. మన సభ నియమం అదే కాబట్టి ఎవరూ మారు మాట్లాడరు. నీకు మాత్రం అబద్ధం చెప్పలేను. జోడీగా వస్తామని ఇద్దరు ముగ్గురు అడిగారు. నేనే వద్దన్నాను.

ఎందుకంటే, ఇన్నేళ్లూ మనిద్దరం పోయామని పేరే గానీ, పోయింది నువ్వు. నేను సంచి మోశాను. గుమ్మంలో అడుగు పెట్టగానే "ఏం పులుసు చేస్తివమ్మా, వాసన వీధి చివరికి వస్తాండాది" అనేవాడివి. ఇల్లంతా నవ్వేది. నేను బియ్యం మూలన దించి చాప మీద కూర్చునేవాణ్ణి. పూలమ్మ మొగుడు క్వారీలో రాయి పడి పోయినప్పుడూ అంతే. మెతుకు ముట్టని మనిషి చేత అన్నం తినిపించింది నీ మాటలే. నాకు ఒక్క మాటా రాలేదు. నేల చూస్తూ కూర్చున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

మొన్న ఆదివారం పూలమ్మ ఇంటి మలుపు దాకా పోయాను. కూతురు రాణి బెంగళూరులో గార్మెంట్స్‌లో చేరాక వాళ్లకు బియ్యం అక్కర్లేదు. సంచీ లేక, నువ్వూ లేక, ఆ ఇంట్లో నేనేం చేయను? వెనక్కి తిరిగి వచ్చేశాను.

సభ పుట్టుక గురించి నువ్వు చెప్పే కథ గుర్తొచ్చింది. పారిస్‌లో చదువుకునే కుర్రాళ్లు చలికాలానికి దాచుకున్న కట్టెలు పేద ఇంటికి మోసుకుపోయారే, ఆ కథ. కట్టెలు మోయడం వరకైతే నేనూ చేయగలను అన్నా. దించిన తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. కోపం తెచ్చుకోకు.

నీ
రాయప్ప


పుంగనూరు,
సెప్టెంబర్ 2006.

అన్నా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలూ తిట్లే. అయినా ప్రేమగా తిట్టావు. జవాబు ఆలస్యమైంది, చికున్‌గున్యా వచ్చి వేళ్లు బిగుసుకుపోయాయి. మదనపల్లె మీటింగుకు పోలేదు. మంచం దిగి పెరట్లోకి పోవడమే గగనమైంది. నా భార్య లూర్దమ్మకూ అదే జ్వరం. చెరో మంచం మీద మూలుగుతూ పడి ఉన్నాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం పూలమ్మ వచ్చింది, వెంట రాణి. చేతిలో రసం గిన్నె.

"ఏమప్పా, యాల రాలేదు మా ఇంటికి? ఆదివారమైతే సాలు, సాప పరిచి సూస్తాండాను."

"అరుళప్పన్న కుప్పం పోయినాడు గదమ్మా," అన్నాను.

"ఆయప్ప పోతే నీ కాళ్లు యాడికి పోయినాయి?"

అంత జ్వరంలోనూ లూర్దమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "నేనొచ్చి ఏం చేసేది పూలమ్మా? నాకు మాటలు రావు," అనేశాను.

ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, నొచ్చుకోకు.

"ఆయప్ప మంచోడే. కానీ నా మొగుడు పోయిన దినం ఆయప్ప మాట్లాడి మాట్లాడి నా తల తిరిగిపోయె. నోరు మూసుకుంటే సాలని నాలుగు ముద్దలు తినేసినా. నువ్వు ఊరికే కూచ్చోని ఉంటివి. నేను ఏడస్తాంటే ఏడవొద్దని కూడా అనలేదు. అందురూ ఏడవొద్దనే వాళ్లే అప్పుడు. నువ్వు ఉండావు గదా అని మనసారా ఏడ్సినా."

తర్వాత మా మంచాల పక్కన నేల మీద కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు అలాగే ఉంది. మన ఇంటికి ఒకరు వచ్చి అలా కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు ఇన్నాళ్లూ తెలియదన్నా. ఎన్నడూ అవతలి వైపు లేను కదా. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆమె ఏడవొద్దనలేదు.

పోయేముందు గుమ్మంలో నిలబడి, "మీ సభలో ఒంటిగా రాకూడదంట గదా, అందుకే పాపను పిల్సుకోని వచ్చినా. పాప రేపు బెంగళూరు పోతాది. నీకు తగ్గినాక మునిరత్నమ్మ ఇంటికి పోవల్ల. మొగుడు పోయి ఒకతే ఉండాది. జోడీకి నేనొస్తా," అంది. ఆమె సభ సభ్యురాలు కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

జ్వరం తగ్గింది. అలసట తగ్గలేదు, ఇక తగ్గదేమో కూడా. రాజీనామా కాగితం గట్టిది, చొక్కా జేబు కొలతకు అచ్చుగా దాన్నే కత్తిరించుకున్నాను.

రేపు మునిరత్నమ్మ ఇంటికి పోతున్నాం. నా వేళ్లకు ఇంకా పట్టు రాలేదని సంచి పూలమ్మే మోస్తుందట. నేను ఊరికే వచ్చి కూర్చుంటే చాలంది.

నీ తమ్ముడు
రాయప్ప