ఐదో గూటి బూట్లు

బస్సు డిపో క్యాంటీన్‌లో పాతికేళ్ళు వండి వడ్డించి, మోకాళ్ళు మొరాయించాక ఇంటిపట్టున ఉంటున్న నేను, మతి స్థిమితంగా ఉండగానే, ఎవరి ఒత్తిడీ ఎవరి తీపిమాటలూ లేకుండా, నా ఇష్టప్రకారం వకీలుగారి చేత రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేనేదీ రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం పట్టుకొస్తే అది చెల్లదు. పట్టుకొచ్చేవాడు మా అబ్బాయే అయ్యుంటాడు కనుక, వాడి చెవి మెలిపెట్టే హక్కు వాడి అక్కకు ఇస్తున్నాను.

స్థిమితం అన్న మాట దగ్గర వకీలుగారు కలం ఆపి నా వంక చూశారు. జిప్పు తీయని సంచీతో ఎనిమిదేళ్ళు మాట్లాడానని అంతకుముందే ఆయనకు చెప్పాను మరి. డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. ఇలాంటి సొంత కబుర్లు వీలునామాలో అక్కర్లేదమ్మా అని కూడా వకీలుగారు అన్నారు. ఫీజు పుచ్చుకునేది ఆయన, పోయేది నేను. రాయమన్నాను.

నా భర్త అదే డిపోలో బస్సు డ్రైవరు. ఉద్యోగం అయిపోయిన ఏడాది, పర్యాటకులను సముద్రం అడుగుకు తీసుకెళ్ళి చూపించే జలాంతర్గామి ఎక్కారు. అది పైకి రాలేదు. నడిపే అతనితో కలిపి లోపల ఉన్న ఐదుగురూ రాలేదు. కొన్నాళ్ళకు ముక్కలు దొరికాయి, మనుషులు దొరకలేదు. ఆయన దాన్ని ముద్దుగా 'మునుగుడు బస్సు' అనేవారు. నోటిమాట ఊరికే పోదంటారు.

నా ఆస్తి, దాని పంపకం ఈ కింది విధంగా:

1. ప్రస్తుతం నా పేరున ఉన్న మేడ ఇల్లు నా తదనంతరం పిల్లలిద్దరికీ చెరిసగం. కింది భాగం అమ్మాయికి, పై భాగం అబ్బాయికి. మెట్లు ఇద్దరివీ. మెట్ల మీద సామాను పేర్చి దారి మూసే అలవాటు అబ్బాయి మానుకోవాలి. ఎవరైనా తమ వాటా అమ్మదలిస్తే ముందు రెండోవారిని అడగాలి. అడగడమంటే ఫోనులో మెసేజీ పెట్టడం కాదు, ఎదురుగా కూర్చుని అడగడం.

2. మా ఆయన బూడిదరంగు కోటు అబ్బాయికి. ప్రమాదం జరిగిన వారంలో టీవీ వాళ్ళు వీధి నిండా బండ్లు పెట్టినప్పుడు వీడు ఆ కోటు తొడుక్కుని కెమెరా ముందు ఏడ్చాడు. ఏడుపు నిజమైనదే. కోటు ఎందుకు తొడిగాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అప్పుడు విప్పించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు చూసేవాళ్ళెవరూ లేరు కనుక ఇంట్లో వేసుకోవచ్చు. భుజాల దగ్గర వాడికి సరిపోతుంది, నాకు తెలుసు.

3. క్యాంటీన్ నుంచి నేను తెచ్చుకున్న పెద్ద టీ కెటిలు, కిటికీ పక్క మంచం, నా ఉన్ని శాలువా అమ్మాయికి. గాలింపు ఆపేశామని చెప్పేదాకా అది రేవులో గట్టు మీద నిలబడే ఉంది. ఇంటికొచ్చాక నాకు అన్నం తినిపించింది. అప్పుడు దానికి ఎవరు తినిపించారో నేను అడగలేదు. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత కూడా దానికే అప్పగిస్తున్నాను.

4. కుట్టుమిషను మా ఆడపడుచుకు. ఇరవై ఏళ్ళ కిందట అడిగింది, ఇవ్వలేదు. ప్రమాదం తర్వాత పదిమందిలో నా మొహం మీదే, "నీ నోరు కాస్త చల్లగా ఉంటే మా అన్నయ్య చల్లదనం కోసం సముద్రంలోకి పోయేవాడా, వదినా?" అంది. ఆ మాటకు మళ్ళీ ఇవ్వలేదు. ఇప్పుడు తీసుకెళ్ళమని మనవి. సూది వంకరపోయింది, మార్పించుకోవాలి.

5. ఉద్యోగం అయిపోయిన రోజున డిపో వాళ్ళు ఆయనకు పాత బస్సు స్టీరింగు ఒకటి కానుకగా ఇచ్చారు. గోడకున్న ఆ స్టీరింగు తిరిగి డిపో క్యాంటీన్‌కు చెందాలి. మా ఆయన ముందు సీటు మనిషి. ఎక్కడికైనా వ్యానులో వెళ్తే డ్రైవరు పక్కనే కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలితో నేలను బ్రేకులా తొక్కేవారు. వెనక కూర్చోబెడితే వాంతి చేసుకునేవారు. ఇది కింది అంశానికి అవసరం గనుక రాయిస్తున్నాను.

6. అలమర మీద ఉన్న, ఐదో నంబరు చీటీ కట్టిన గుడ్డసంచీ, అందులోని నల్లబూట్ల జత, జలాంతర్గామి నడిపినతని భార్యకు చెందాలి.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఆ జలాంతర్గామి లోపలికి బూట్లతో పోనివ్వరు. దాన్ని నీళ్ళలోకి దింపే ఓడ మీద, నిచ్చెన పక్కన ఐదు గూళ్ళ చెక్క స్టాండు ఉంటుంది. ఎవరు ఏ సీటులో కూర్చుంటారో ఆ నంబరు గూటిలో బూట్లు విడిచి వెళ్ళాలి. మొదటి సీటు నడిపే అతనిది, గుండ్రటి గాజు కిటికీకి ఎదురుగా. ఐదోది అన్నిటికంటే వెనక, బ్యాటరీల పక్కన. మా ఆయన కొన్నది ఐదోది, చవక గనుక. ముందురోజు సాయంత్రం మా వాకిట్లో చెప్పుల స్టాండు దగ్గర ఇదంతా నాకు చేసి చూపించారు. బూట్ల మొనలు బయటికి తిప్పి పెట్టి, పైకి రాగానే కాళ్ళు దూర్చడమే తరువాయి అన్నారు. నేను నవ్వలేదు. దాచుకున్నదంతా దానికి తగలేశారని నా కడుపుమంట.

"జన్మంతా ముందు కూర్చుని, ఇప్పుడు ఎవరి వీపు చూడ్డానికి వెళ్తున్నారు?" అన్నాను.

ఆయన బూట్లు సర్దుకుంటూ, "పోనీలే, వీపైనా కొత్తదే కదా" అన్నారు.

మర్నాడు నేను లేవనట్టు పడుకున్నాను. ఆయన పిల్లిలా నడుచుకుంటూ వెళ్ళిపోయారు. మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఆ వీపు మాటలే.

అంతకుముందు ఒకసారి టిక్కెట్టు వెనక్కి తీసుకోమని వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి దెబ్బలాడాను. నడిపే అతన్ని అక్కడే చూశాను. ఎడమకాలు కాస్త పొట్టి, ఆ బూటుకు దళసరి అడుగు. "ఈ కాలుతో నువ్వేం నడుపుతావయ్యా?" అన్నాను. కోపంలో నా నోటికి బ్రేకు ఉండదు. అతను నవ్వి, "నీళ్ళలో నడవక్కర్లేదు కదండీ" అని నాకు కుర్చీ వేశాడు.

ప్రమాదం జరిగాక, తప్పంతా నడిపినతనిదేనని కంపెనీ చెప్పింది. మేమంతా నమ్మాం. విచారణ జరిగే చోట నడవాలో అతని భార్య ఎదురుపడింది. లాండ్రీలో పనిచేసే పొడుగాటి మనిషి, చేతులు నీళ్ళకు నాని తెల్లబడి ఉన్నాయి. అందరూ వింటుండగా, "మీ ఆయన నలుగురి కొంపలు ముంచాడు" అన్నాను. ఆమె కూడా మొగుణ్ణి పోగొట్టుకున్నదేనని ఆ క్షణాన నాకు తట్టలేదు. తట్టినా అనేదాన్నేమో. ఆమె గోడవైపు జరిగి నాకు దారి ఇచ్చింది.

తర్వాత అసలు సంగతి తేలింది. చేయించాల్సిన పరీక్షలు చేయించకుండానే కంపెనీ ఆ బండిని లోతుకు దింపుతోందట. పైగోడ పగిలింది. నడిపినతని తప్పేమీ లేదు. పేపర్లో ఆ వార్త చిన్నగా, పెళ్ళి ప్రకటనల పక్కన వేశారు. నేను చదివాను, మడిచి పెట్టేశాను. ఆమె ఆ రోజుల్లో చాలాసార్లు మా గేటు దాకా వచ్చింది. దెబ్బలాటకే వచ్చిందనుకుని తలుపు తీయలేదు. కొన్నాళ్ళకు రావడం మానేసింది.

ఇక బూట్లు. ఓడ వాళ్ళు ఏ గూటిలోవి ఆ నంబరు సంచీలో వేసి, ఆ సీటు ఎవరి పేరున ఉందో వాళ్ళింటికి పంపారు. లోపల ఏమున్నాయో చూసి సరిపోల్చే ఓపిక ఆ పూట ఎవరికి ఉంటుంది? ఐదో నంబరు సంచీ నాకు వచ్చింది. తెరవలేకపోయాను. ఆయన ఒంటి వాసన అందులో ఒక్కచోటే మిగిలిందనీ, జిప్పు తీస్తే అదీ పోతుందనీ నా పిచ్చి. అలమర మీద పెట్టి, పొద్దున్నే టీ తాగుతూ దానితో పోట్లాడేదాన్ని. కుళాయి కారుతోందని, అమ్మాయి చిక్కిపోయిందని, అబ్బాయి మళ్ళీ ఉద్యోగం మారాడని చెప్పేదాన్ని. ఒక్కోసారి "వీపు బాగుందా?" అని అడిగేదాన్ని. అది అడిగిన రోజు టీ కప్పులోనే చల్లారిపోయేది. ముందు సీటు మనిషి బ్యాటరీల పక్కన ముడుచుకుని, కడుపులో తిప్పుకుంటూ, ఎవరిదో వీపు చూస్తూ పోయారన్న తలపు నన్ను ఇన్నేళ్ళూ తిన్నది.

ఆస్తి ఏదీ విడిచిపెట్టకుండా చూసి రాయించాలని వకీలుగారు అనడంతో, మొన్న ఆ సంచీ దింపించి జిప్పు తీశాను. ఎడమబూటుకు దళసరి అడుగు ఉంది.

ఇన్నేళ్ళూ పరాయి మగాడి బూట్లతో కాపురం చేశానన్నమాట. ముందు నవ్వొచ్చింది. తర్వాత బుర్రకెక్కింది. నడిపే అతని బూట్లు ఐదో గూటిలో ఉన్నాయంటే, అతను కూర్చున్నది ఐదో సీటులో. నడిపే మీటల పెట్టె తీగకు వేలాడుతుందనీ, ఒళ్ళో పెట్టుకుని ఎక్కడినుంచైనా నడపొచ్చనీ మా ఆయన అప్పుడే వర్ణించి చెప్పారు. అయితే మా ఆయన కూర్చున్నది మొదటి సీటులో, కిటికీ ఎదురుగా. ఈయన అడిగారో, అతనే ఇచ్చాడో తెలియదు. డ్రైవరు బాధ డ్రైవరుకే తెలుస్తుంది.

దీనివల్ల నడిపినతని మీద మళ్ళీ మచ్చ పడుతుందా అని వకీలుగారిని రెండుసార్లు అడిగాను. గోడ పగలడానికీ ఎవరెక్కడ కూర్చున్నారన్నదానికీ సంబంధం లేదన్నారు. ఉందని అంటే ఈ అంశం రాయించేదాన్ని కాను.

కాబట్టి ఈ బూట్లు ఆమెవి. మా ఆయనవి ఆమె దగ్గర ఉండి ఉండాలి. గుర్తు ఏమిటంటే, కుడిబూటు అడుగున బొటనవేలి కింద, బ్రేకు తొక్కి తొక్కి అరిగిన గుంట. ఆమె వాటిని పారేసినా అనడానికి నాకు మొహం లేదు. పారేయకపోతే మాత్రం, పోయేలోగా ఒక్కసారి వాటిని చూడాలని ఉంది. కానీ అంత మాట అన్నదాన్ని, తలుపు మూసినదాన్ని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆమె గుమ్మం తొక్కను? అందుకే బతికుండగా ఇవ్వలేక, నా తదనంతరం ఇవ్వమని రాయిస్తున్నాను. పిరికిదాని పద్ధతి ఇది. ఇంతకంటే చేతకాలేదు.

7. నన్ను సాగనంపేటప్పుడు టీవీ వాళ్ళను పిలవకూడదు. పిలిచినా రారు.

సంతకాల రోజున చేర్చినది:

సాక్షులుగా రావలసిన ఇద్దరిలో మందుల షాపు ఆయన వచ్చారు. మా పాత కండక్టరు నడుం పట్టేసి రాలేదు. వకీలుగారు ఇంకొకరి కోసం వీధిలోకి చూస్తుండగా ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. మా అమ్మాయి నాకు చెప్పకుండా ఆరో అంశం ఆమెకు ఫోనులో చదివి వినిపించిందట. నేను పోకముందే అమలు మొదలుపెట్టింది. ఆమె చంకలో గుడ్డసంచీ ఉంది, మొదటి నంబరు చీటీతో.

కూర్చోకముందే ఆమె అన్న మాట ఇది: "అక్కా, నేను అప్పుడు దెబ్బలాటకు రాలేదు. మీవారు కిటికీ దగ్గర కూర్చున్నారని చెప్పి పోదామని వచ్చాను."

ఆమె మొదటిరోజే సంచీ తెరిచి చూసింది, మిగతా ముగ్గురి ఇళ్ళలో అడిగి, అవి మా ఆయనవేనని తేల్చుకుంది. ఆ మాట పట్టుకుని అన్నిసార్లు మా గేటు దాకా వచ్చి, అన్నిసార్లు దాన్ని వెనక్కి మోసుకుపోయింది. నేను లోపల గొళ్ళెం పెట్టుకుని కూర్చున్నాను. నా ఎనిమిదేళ్ళ టీ చల్లారిపోయింది ఆ గొళ్ళెం వల్లే.

నడవాలో ఆమెను అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. అందరి ముందూ అన్నాను గనుక, అందరికీ చెల్లే కాగితంలోనే తీసుకుంటున్నాను. ఆమె భర్త ఎవరి కొంపా ముంచలేదు. నా భర్తకు తన సీటు ఇచ్చాడు.

మా ఆయన బూట్లలో ఆమె కాగితాలు కుక్కి, ఆకారం చెడకుండా ఉంచింది. ఏటా పాలిష్ చేసిందట. నేను ఆమెవాటికి సంచీ మీద దుమ్ము దులపడం తప్ప ఏమీ చేయలేదు. కుడిబూటు తిరగేసి గుంటలో వేలు పెట్టి చూశాను. అదే. ఆయన వాసన లేదు, పాలిష్ వాసనే ఉంది. పోనీలే.

రెండో సాక్షిగా తాను సంతకం చేస్తానని ఆమె అంది. వీలునామా వల్ల ఏదైనా పొందేవాళ్ళు దానికి సాక్షిగా ఉంటే ఆ పొందేది చెల్లదని వకీలుగారు అడ్డుపడ్డారు. అయితే ఆరో అంశం కొట్టేయమన్నాను. అలమర మీది సంచీ నా చేతులతో తీసి ఆమె చేతుల్లో పెట్టాను. మందుల షాపు ఆయన చూశారు. కనుక ఆరో అంశం రద్దు చేయడమైనది. ఒక్క గీత మాత్రమే, చదవడానికి వీలుగా గీయమన్నాను.

మా ఆయన బూట్లు వాకిట్లో స్టాండు పై గూటిలో, మొనలు బయటికి తిప్పి పెట్టాను. నా తర్వాత కూడా వాటిని అక్కడినుంచి కదపకూడదు. ఇది పిల్లలిద్దరికీ ఆజ్ఞ.

తేదీ: మార్చి పంతొమ్మిది, మంగళవారం.

సంతకం: డిపో క్యాంటీన్ అమ్మ, ముందు సీటు డ్రైవరు భార్య.

సాక్షులు:

1. మందుల షాపు ఆయన. కళ్ళజోడు మర్చిపోయి వచ్చి, వకీలుగారిది పెట్టుకుని సంతకం చేశారు.

2. జలాంతర్గామి నడిపినతని భార్య. సంచీ ఒళ్ళోంచి దించకుండానే సంతకం చేసింది. చట్టప్రకారం వకీలుగారు చేర్చమన్న వాక్యం: ఈ వీలునామా వల్ల ఈమెకు దక్కేది ఏదీ లేదు.