కుడివైపుకి తిరిగి

మార్చి 4

వాష్‌బేసిన్‌లో రక్తం. చిగుళ్లేమో అనుకుని బ్రష్ పక్కన పెట్టాను. దగ్గితే మళ్లీ వచ్చింది, ఎర్రగా, నురగతో. నీళ్లు వదిలి కడిగేశాను. చెల్లి తలుపు కొట్టి, లోపలే కాపురం పెట్టావా అని అడిగింది. పాపకి స్నానం చేయించాలట.

మార్చి 5

మళ్లీ రాలేదు. అయిపోయిందన్నమాట.

మార్చి 6, మధ్యాహ్నం

అయిపోలేదు. డ్రైవింగ్ క్లాసు మధ్యలో వచ్చింది. టిష్యూ మడిచి జేబులో కుక్కుకున్నాను.

స్టీరింగ్ ముందున్నావిడ లెక్కల టీచరు, యాభై దాటిన మనిషి. మా డ్రైవింగ్ స్కూల్లో అందరూ బ్రేకమ్మ అంటారు. అల్లంత దూరంలో పావురం వాలినా బ్రేకే. నేర్పేవాళ్ల కోసం నా కాళ్ల దగ్గర ఇంకో బ్రేకుంది. ఆవిడ క్లాసులో దాంతో నాకు పనే పడదు. ఇవాళ గేరు మార్చడం మానేసి నా మొహంలోకి చూస్తోంది. రోడ్డు చూడండి అని కసిరాను.

అద్దాలన్నీ దించేశాను. ఇంత చిన్న కారు, ఇద్దరికీ ఒకటే గాలి. నాకున్నది అంటుకునే రోగమైతే?

ఇంట్లో పాప ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. నా భుజం మీద తప్ప నిద్రపోదు.

మార్చి 6, సాయంత్రం

స్కూలు ఆఫీసు పైన ఒక గది ఖాళీగా ఉంది. పాత టైర్లు, విరిగిన కుర్చీలు. పొద్దున్నే క్లాసులు ఎక్కువయ్యాయి, కొన్నాళ్లు ఇక్కడే పడుకుంటానని చెల్లికి ఫోన్లో చెప్పాను. పాప ఏడుపు పడలేకపోతే ఆ ముక్కే చెప్పొచ్చుగా అని పెట్టేసింది.

మరిది ఓడ మీద ఉన్నాడు. నేను దాని దగ్గర చేరిందే సాయానికి. నిజం చెబితే పాపని చంకనేసుకుని పరిగెత్తుకొస్తుంది. అందుకే చెప్పలేదు.

మార్చి 7

ఛాతీ డాక్టరు నాకంటే చిన్నది. ప్రశ్నలు మాత్రం పోలీసులు కూడా అన్ని అడగరు. రక్తం దగ్గుతో వచ్చిందా, వాంతిలోనా, ముక్కులోంచి గొంతులోకి దిగిందా? చెంచాడా, కప్పుడా? జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం? సిగరెట్లు? రక్తం పలచబడే మాత్రలు? ఊహ తెలిసినప్పటి నుంచీ కళ్లె పడని పొద్దు లేదని చెబితే పెన్ను పక్కన పెట్టింది. ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదా అంది. అది నా తత్వం అనుకున్నానన్నాను. నవ్వలేదు.

మామూలు ఇన్ఫెక్షన్ నుంచి టీబీ, క్యాన్సర్, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ దాకా ఏదైనా కావచ్చట. చాలామందికి పెద్ద జబ్బు ఉండదట. అలాగని పరీక్ష చేయకుండా ధైర్యం చెప్పలేనంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున మసక. కళ్లె పరీక్షకి తీసుకున్నారు, సీటీ స్కాన్‌కి డేటిచ్చారు. టీబీ సంగతి తేలేదాకా మాస్కు పెట్టుకోవాలి, క్లాసులు బంద్, పసిపిల్లల దగ్గరికి వెళ్లకూడదు.

లేస్తుంటే ఆపి ఇంకో మాట చెప్పింది. ఒక్కసారిగా రక్తం ఎక్కువ పడితే కుడివైపుకి తిరిగి పడుకోవాలి. చెడ్డవైపు కిందికి ఉంటే మంచి ఊపిరితిత్తిలోకి రక్తం పోదు. ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి రావాలి.

మార్చి 8

టైర్ల కంపు. దగ్గు ఆపుకున్నకొద్దీ ఇంకా తన్నుకొస్తోంది.

మార్చి 10

కళ్లె రిపోర్టు వచ్చింది, టీబీ లేదు. ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. ఏడుపు ఆగాక, మరైతే ఇంకేమిటి అనిపించింది. ఇంటికి వెళ్లొచ్చు. బస్టాప్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చెల్లి నా మొహం చూస్తే కనిపెట్టేస్తుంది. స్కాన్ అయ్యాక చెబుదాం. రేపటి నుంచి క్లాసులకి వెళ్తాను, ఈ గదిలో గోళ్లు కొరుక్కుంటూ కూర్చోలేను.

చెల్లి మెసేజ్ పెట్టింది. మిగతా బట్టలు కూడా సర్దమంటావా అని.

మార్చి 14, ఆసుపత్రి

ఇవాళ పెన్ను పట్టుకోగలుగుతున్నాను.

మొన్న బ్రేకమ్మతో వంతెన ఎక్కుతున్నాం. గొంతులో గరగర. తర్వాత నోరంతా వేడిగా, ఉప్పగా. టిష్యూలు చాలలేదు. దోసిలి పట్టాను, నిండిపోయింది. ఆవిడ బ్రేకు వేయబోయింది. ఆపొద్దు, పోనివ్వమని సైగ చేశాను. ముందూ వెనకా బళ్లే, అంబులెన్స్ పైకి వచ్చే దారి లేదు. వంతెన దిగితే ఆసుపత్రి.

డాక్టరు మాట గుర్తొచ్చింది. సీటు వెనక్కి వాల్చాను. కుడివైపుకి తిరిగితే కాలు బ్రేకు మీంచి తీసేయాలి. ఈ పనిలో చేరాక బండి కదులుతుండగా కాలు తీసిన గుర్తు లేదు. ఇంట్లో సోఫాలో కూర్చున్నా వేళ్లు బిగుసుకునే ఉంటాయి. తీసేశాను. తిరిగి పడుకున్నాను.

రోడ్డు కనిపించలేదు. బ్రేకమ్మ గడ్డం మాత్రం కనిపించింది, వణుకుతూ. నేను నేర్పినవన్నీ ఎక్కం అప్పజెప్పినట్టు పైకే అంటోంది, క్లచ్చు, గేరు, అద్దం చూడు అని. హారన్ మీద చెయ్యి తీయలేదు. ఎవడో అడ్డం వస్తే ఆ టీచరమ్మ నోట ఎంత మాట వచ్చిందో ఇక్కడ రాయలేను. మధ్యమధ్యలో నా మీద అరుపులు. కళ్లు మూశారంటే ఊరుకోను మేడమ్, వచ్చే వారం నాకు టెస్టుంది అని.

ఎమర్జెన్సీ ముందు పూలకుండీని గుద్ది ఆపింది. బ్రేకు మర్చిపోయిందట.

ఆక్సిజన్, సెలైన్లు, స్కాన్. ఊపిరితిత్తిలో గాలి గొట్టాలు కొన్ని ఎన్నో ఏళ్ల కిందటే సాగి వెడల్పయ్యాయట. అందులో కళ్లె నిలవుండి, కుళ్లి, చుట్టూ రక్తనాళాలు ఉబ్బి ఒకటి చిట్లింది. చిన్నప్పుడు తట్టు పోసి, ఆపైన న్యుమోనియా వచ్చి చావు తప్పిందని అమ్మ చెప్పేది. ఆ మచ్చే అయ్యుండొచ్చంది డాక్టరు. తొడ దగ్గర్నుంచి సన్నటి ట్యూబు పంపి, కారే నాళాన్ని లోపలే మూసేశారు. నేను మెలకువగానే ఉన్నాను. వెచ్చగా ఏదో పాకినట్టయింది, అంతే.

చెల్లికి ఫోన్ చేసింది బ్రేకమ్మే. పాపని పక్కింటావిడకి ఇచ్చి వచ్చింది చెల్లి. నేను నీకేమవుతానని అడిగింది. టీబీ అనుకున్నా, పాప ఉంది కదా అని గొణిగాను. చెప్పి దూరంగా ఉంటే నేను కాదంటానా అంది. పాప వల్లే వెళ్లిపోయావనుకుని ఒకరోజు దాని మీద గట్టిగా అరిచానక్కా, జడుసుకుని చాలాసేపు ఏడవను కూడా లేదది అని చెబుతూ మంచం కమ్మీకి తల ఆనించుకుంది. నాకు రక్తం పడ్డప్పుడు కూడా అంత భయం వేయలేదు.

మార్చి 18

నోట్లోంచి కెమెరా పంపి ఊపిరితిత్తుల లోపల చూశారు. క్యాన్సర్ గడ్డలేవీ లేవు. సాగిన గాలి గొట్టాలు మళ్లీ మామూలు కావు, రక్తం మళ్లీ పడొచ్చు, పడితే వెంటనే రావాలి. రక్తం పూర్తిగా ఆగాక రోజూ వీపు తట్టించుకుని కళ్లె తీసేయాలి. బతికినంత కాలం. ఇంటికి వచ్చాను.

మార్చి 25

ప్రతి దగ్గుకీ లైటు కిందికి పరిగెత్తి చూసుకుంటున్నాను. చెల్లి నా వెనకే పరిగెత్తుతోంది.

బ్రేకమ్మ టెస్టు తప్పింది. మరీ నెమ్మదిగా నడిపిందట. నాకు ఫోన్ చేసి అరగంట వాళ్లని తిట్టింది.

ఏప్రిల్ 9, ఉదయం

ఇక వీపు తట్టించుకోవచ్చని డాక్టరు చెప్పింది. పాలు పట్టాక చెల్లి ఒక చేత్తో పాప వీపు, ఇంకో చేత్తో నా వీపు తడుతోంది. పాపకి ముందు తేన్పు వచ్చింది. తర్వాత నాకు కళ్లె తెగింది. తెల్లగా ఉంది. ఇక చాల్లే, లెమ్మంది.

నేను లేవలేదు.