లేని మనిషికి ఇచ్చిన ఖాళీ నోటీసు గురించి

అల్ అజీజియా, అల్ ఖోబర్,
సౌదీ అరేబియా.
జులై 9.

శ్రీయుత పునరావాస ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,
జోడుగుట్టల పులుల అభయారణ్యం.

అర్జీదారు: సిడాం భోజన్న, తండ్రి లింగు, వయస్సు 38, గోండు. నివాసం మోదుగగూడ. ప్రస్తుతం చేయుచున్న పని: ధహ్రాన్‌లో ఏసీ డక్టులు బిగించుట.

అయ్యా,

విషయం: మోదుగగూడ పునరావాస జాబితా నుండి మా కుటుంబమును ‘స్థానికేతరులు, శాశ్వత వలస’ అని తీసివేయుట, అదే కుటుంబమునకు ఇల్లు ఖాళీ చేయమని నోటీసు ఇచ్చుట, ఈ రెంటిలో ఏదో ఒక్కటే ఉంచవలసినదిగా కోరుట, మరియు అల్బేనియా దేశపు కెల్మెండి తెగ వారి చరిత్ర.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, విషయంలో అల్బేనియా ఎందుకు వచ్చిందని తమరు కళ్ళజోడు సర్దుకొంటారని నాకు తెలుసు. మా కంపెనీ బస్సు నడిపే చాంద్ బాషా కడప జిల్లా మనిషి. ఈ అర్జీ చిత్తు చదివి ఆయనా అదే అన్నాడు. "ఏమప్పా భోజన్నా, ఆఫీసరుకు రాసే కాయితంలో ఆ దేశమెందుకప్పా? ఇల్లు కావాలంటే ఇల్లు అని రాయి, సాలు. ఇంత పొడుగు రాస్తే ఆయన సదవడు, గుమాస్తాకిస్తాడు. ఆ గుమాస్తానే గదా నీ కొంప ముంచింది!" అన్నాడు. అయినా నేను తీయలేదు. ఎందుకు తీయలేదో నాలుగో అంశంలో ఉన్నది. దయచేసి వరుస తప్పకుండా చదువవలెను.

1. గత మార్చి నెలలో తమ సర్వే గుమాస్తా మా గూడెం వచ్చినాడు. మా నాయన లింగు కటోడా, అనగా మా కులదైవానికి పూజ చేసే మనిషి. వయస్సు డెబ్బై దాటింది. గుమాస్తా అడిగినదీ మా నాయన చెప్పినదీ పక్కనే నిలబడి విన్న నా భార్య ఊర్మిల పొల్లుపోకుండా నాకు ఫోనులో చెప్పింది. అది ఇది:

"మీదే ఊరు పెద్దాయనా?"

"మాది ఊటకుండ."

"ఊటకుండనా? మరి ఈడికి ఎప్పుడొచ్చిన్రు?"

"నేను పుట్టక ముందే వచ్చిన్రు మావోళ్ళు. మేం ఊటకుండోళ్ళమే."

"కొడుకేడుండు?"

"సౌదీల ఉన్నడు."

"మళ్ళ ఎప్పుడొస్తడు?"

"ఆడి పని అయినంక వస్తడు. నాకేం ఎర్క?"

ఇంతే. దీన్ని గుమాస్తా కాగితం మీద ఇట్లా దించినాడు: ‘కుటుంబ పెద్ద ఊటకుండ వాసి, స్థానికేతరుడు. కుమారుడు విదేశమునకు శాశ్వత వలస. ఇంటిని నివాసముగా పరిగణింపరాదు.’ కింద మా నాయన వేలిముద్ర తీసుకొని, టీ తాగి పోయినాడు. ఆ ఇంటి అరుగు మీద కూర్చొనే ఆ ఇల్లు నివాసం కాదని రాసినాడు. ఆయనకు టీ పెట్టిన గిన్నె ఏ పొయ్యి మీద కాగిందనుకొన్నాడో నాకు తెలియదు.

2. మా నాయన అబద్ధం చెప్పలేదు. మాలో పెద్దమనిషిని ‘నీదే ఊరు’ అని అడిగితే కాపురమున్న ఊరు చెప్పడు. తన వంశపు పెర్సపేన్, అనగా మా కులదైవం, మొట్టమొదట కొలువైన చోటు చెబుతాడు. కాపురమున్న ఊరు కావాలంటే ‘పొద్దుగూకినంక యాడ పండుకుంటవ్?’ అని అడగాలి. గూడెంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. ఊటకుండలో నేడు ఒక్క ఇల్లు లేదు. టేకు తోట ఉన్నది, చుట్టూ ముళ్ళతీగ ఉన్నది. అయినా మా నాయన ఏటా ఆ తీగ కిందనుంచి దూరిపోయి దేవునికి మొక్కి వస్తాడు. ఆయన వీపు మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నవి. ఏ ఊరి మనిషో నిరూపించే పత్రం కావాలంటే ఆ వీపు చూసుకోవచ్చును.

3. ఇక మేము ‘వలస’ వచ్చినామన్న మాట. ఊటకుండ నుంచి మా ముత్తాతలు తమ ఇష్టంతో రాలేదు. జంగ్లాతు వాళ్ళు, అనగా అడవి శాఖ వారు, అడవి చుట్టూ గీత గీసి, గీతలోపల ఉన్న గుడిసెలకు అగ్గి పెట్టినారు. రెండో ఊరు వాగు ఒడ్డున కట్టుకొన్నారు. వాగు మీద కట్ట వేసినారు, ఊరు నీళ్ళలోకి పోయింది. మూడో ఊళ్ళో అడవి నరికి చేను చేసినాక ఒక షావుకారు కాగితం పట్టుకొని వచ్చినాడు. మాకు చదువు రాదు, ఆయనకు వచ్చు. నాలుగో ఊరు మోదుగగూడ. ఇక్కడ ఇప్పుడు పులి ఉన్నదంటున్నారు. ఉన్నది, నేను చూసినాను, అది మమ్మల్ని ఎన్నడూ ఏ ఊరు అని అడగలేదు.

అయ్యా, కాలు కదిలించినది మేము కాదు. ప్రతిసారీ ఎవరో వచ్చి లేవమన్నారు, లేచినాము. లేపినవారి పేరు ఏ జాబితాలోనూ లేదు. లేచినవారికి మాత్రం వలస అని పేరు పెట్టినారు. ఎంత చక్కని న్యాయం!

4. ఇప్పుడు అల్బేనియా. మా సైటు ఫోర్‌మన్ పేరు లూక. అల్బేనియా కొండల మనిషి. ఎత్తు ఆరడుగులు, కోపం ఏడడుగులు. ఎండాకాలం ఇక్కడ మధ్యాహ్నం మూడు గంటలు బయట పని చేయరాదని చట్టం ఉన్నది. ఆ వేళ షెడ్డు నీడలో కూర్చొని ఊర్మిల ఫోనుకు పంపిన తమ కాగితం చదువుకొంటున్నాను. నా ముఖం చూసి లూక వచ్చి పక్కన కూర్చొన్నాడు. అతని మాట సగం హిందీ, సగం చేతులు. నేను తెలుగులో పెడుతున్నాను.

మొత్తం చెప్పినాను. చెప్పినాక నవ్వుతాడనుకొన్నాను. నవ్వలేదు. "నీకు ఎంతమంది తాతల పేర్లు వచ్చు?" అని అడిగినాడు. నేను తొమ్మిది మందిని చెప్పినాను. అతను కళ్ళు మూసుకొని పద్నాలుగు మందిని చెప్పినాడు. "మాకూ పుస్తకం లేదు. నోరే పుస్తకం" అన్నాడు. మా వంశ కథ పాడే పర్ధాన్ గురించి, ఆయన వాయించే కింగ్రి గురించి నేను చెప్పినాను. వాళ్ళకూ పాట పాడేవాళ్ళున్నారట, వాయిద్యానికి ఒక్కటే తీగ. మేము సిడాం ఇంటివాళ్ళం సిడాం పిల్లను చేసుకోము, అన్నాచెల్లెళ్ళ వరుస అవుతుంది. వాళ్ళ కెల్మెండి తెగలోనూ అంతేనట. ఇంత దూరం వచ్చి డక్టు బోల్టుల మధ్య నాకు చుట్టం దొరికినట్టయింది.

అతను చెప్పిన చరిత్ర క్లుప్తంగా: మూడు వందల ఏళ్ళు దాటింది. కెల్మెండి వాళ్ళు ఎవరికీ లొంగరని తుర్కీ పాషా ఒకడు దళంతో వచ్చి కొండను ముట్టడించినాడు. తిండి దారులు మూసి, తెగలో పెద్ద భాగాన్ని కొండ దింపినాడు. రెండు వందల యాభై ఇండ్ల వారిని దూరాన పెష్టర్ అనే చలి మైదానంలో కూర్చోబెట్టి చుట్టూ కాపలా పెట్టినాడు. ఇక మీది ఇదే ఊరు అన్నాడు. రెండేళ్ళు ఆకలితో మాడినారు. తరువాత నూటనలభై ఇండ్లకు పైగా ముసలీ ముతకా పిల్లాజెల్లా అందరూ కలిసి, కాపలా తెంచుకొని, నడిచి మళ్ళీ కొండెక్కినారు. కొన్నేళ్ళకు ఇంకొందరు. మైదానంలో ఆగిపోయినవారు మెల్లగా తమ భాష మరిచిపోయినారు. మరి కొందరు ఇంకో యుద్ధంలో సైన్యం వెంట పోయి డాన్యూబ్ నది వైపు రెండు ఊళ్ళలో దిగినారు. అక్కడ తరాల తరబడి భాష నిలుపుకొన్నారు, చివరకు అదీ పోయింది.

"మరి నువ్వు?" అని అడిగినాను.

"నేను తిరిగి కొండెక్కినవాళ్ళ మనవణ్ణి. నేను పుట్టింది పట్నంలో, మా నాయన పుట్టింది కూడా పట్నంలోనే. అయినా నన్ను ఎవడైనా ఏ ఊరు అంటే కెల్మెండి అంటాను. మీ నాయన తప్పు చెప్పలేదు. అడిగినవాడికి అడగడం రాదు."

పునరావాసం అంటే ఏమిటో తమరి కార్యాలయంలో అందరికంటే తమకే ఎక్కువ తెలుసు. కానీ దింపిన జనం మళ్ళీ ఎక్కిన సంగతి తమ ఫైళ్ళలో ఉండకపోవచ్చును. అందుకే జతపరచినాను. చాంద్ బాషా దీన్ని తీసెయ్యమన్నాడు గానీ, బస్సులో ఈ కథ విన్నాక తానే "ఆ పాషా తర్వాత ఏమయినాడప్పా?" అని రెండుసార్లు అడిగినాడు.

5. నన్ను ‘శాశ్వత వలస’ అన్నారు కదా. నా ఇకామా, అనగా ఇక్కడి నివాస అనుమతి కార్డు, నకలు జతపరచినాను. తమరు చూడవలెను. ఏడేళ్ళుగా ఈ దేశం నన్ను ఏడాదికోసారి రెన్యువల్ చేస్తున్నది. ఏ సంవత్సరం కఫీల్, అనగా నాకు పూచీ ఉన్న యజమాని, వద్దంటే ఆ సంవత్సరం పెట్టె సర్దుకోవాలి. ఇక్కడ నాకు సెంటు నేల లేదు, ఓటు లేదు, చస్తే ఇక్కడే ఉంచాలా పంపాలా అని కూడా కాగితాలే మాట్లాడుకొంటవి. ఈ దేశం నన్ను శాశ్వతం కానివ్వదు. తమరు శాశ్వతంగా పోయినానంటారు. మరి ఈ భోజన్న ఎక్కడ ఉన్నట్టు? సముద్రంలోనా? దయచేసి తమ కార్యాలయం నన్ను ఏదో ఒక గట్టున పెట్టవలెను.

6. నాకు భయంగా ఉన్నది. అర్జీలో భయం అని రాయకూడదని, రాస్తే లోకువ అవుతామని చాంద్ బాషా అన్నాడు. రాస్తున్నాను. మోదుగగూడ నలభై ఒక్క ఇండ్లు. వచ్చే నెల ఇరవయ్యో తేదీ గ్రామసభలో జాబితా ఖాయం చేస్తారట. ఖాయమైతే నలభై ఇండ్లు ఒక్కచోటికి పోతవి, మా ఒక్క ఇల్లు మిగులుతుంది. మా నాయన పూజ చేయకుండా ఆ నలభై ఇండ్లలో విత్తనం నేలలో పడదు. వాళ్ళు లేకుండా మా నాయన ఒక పండుగ కూడా దాటలేడు. నా బిడ్డ సృజన ఆరో తరగతి. మొన్న ఫోనులో "నాయనా, మనం లెక్కల లేమంట గదా, నేను రేపు బడికి పోవాల్నా వద్దా?" అని అడిగింది. ఫోను చెవికి పెట్టుకొని గోడ వైపు తిరిగి ఏడ్చినాను. మనిషిని కాగితం మీద కొట్టివేస్తే ఏమవుతుందిలే అనుకొనేవారికి ఈ సంగతి తెలియవలెనని రాస్తున్నాను.

7. ఇంత చేసి, జూన్ పదిహేనున తమ కార్యాలయమే మా నాయన పేరు మీద ఇంకో నోటీసు పంపినది: ‘సిడాం లింగు, మోదుగగూడ నివాసి, తొంభై దినములలో ఇల్లు ఖాళీ చేయవలెను.’ మార్చిలో మా నాయన అక్కడ లేడు. జూన్‌లో ఉన్నాడు. జాబితాలో రాయడానికి లేని మనిషి, వెళ్ళగొట్టడానికి మాత్రం నిక్షేపంగా దొరికినాడు. రెండు కాగితాల మీదా ఒకే ముద్ర, ఒకే సంతకం.

కావున నా కోరికలు రెండు. తమకు ఏది సులువో అది చేయవచ్చును.

మొదటిది: జాబితాలో నలభై ఒకటో ఇల్లుగా ‘ఊటకుండ సిడాం వారు, మోదుగగూడ నివాసులు’ అని, లింగు, భోజన్న, ఊర్మిల, సృజన అనే నాలుగు పేర్లూ రాయవలెను. అప్పుడు నలభై ఒక్క ఇండ్లూ ఒక్కచోట కూర్చొని, పోవాలా వద్దా అనేది గ్రామసభలో మేమే చెబుతాము. పోము అని చెప్పే హక్కు కూడా మాకు ఉన్నదని తెలుసుకొన్నాను.

రెండోది: అట్లా రాయుట వీలుకాదంటే, మోదుగగూడలో మేము లేమనే తమ మార్చి నెల మాటనే మేము ఒప్పుకొంటున్నాము. లేనివారికి నోటీసు చెల్లదు. లేనివారిని పోలీసు లేపలేడు, జీపు ఎక్కించలేడు, లేని పొయ్యిని ఎవరూ ఆర్పలేరు. మేము లేము గనుక అక్కడే ఉంటాము. ఈసారి మాత్రం లేవము.

ఇది బెదిరింపు కాదు, తమ రికార్డు ప్రకారము రాసినదే. నిదానంగా, కాగితం పక్కన పెట్టకుండా చిత్తగించవలెను. ‘విధేయుడు’ అని లేకపోతే టపాలో తీసుకోరని చెప్పినారు, కావున,

తమ విధేయుడు,
సిడాం భోజన్న
(ఊటకుండ)

తా.క.: సారూ, పైనంతా మొన్న రాసిన. నిన్న మా కంపెనీల ఫైనల్ ఎగ్జిట్, అంటే పని ఇడిసి పూరా పోయే కాయితం, కావాలని అడిగిన. "పిచ్చా నీకు? రెండు నెలలు సెలవు తీస్కొని పోయిరా" అన్నరు. సెలవు మీద వస్తే మీ గుమాస్తా ‘చుట్టపుచూపు’ అని రాస్తడు. అందుకే ఫైనలే కొట్టమన్న. మళ్ళ ఈ దేశం రానిస్తదో లేదో తెల్వదు, పోనీ. గ్రామసభ ఇరవైన గదా, నేను పద్దెనిమిదికే ఇంట్ల ఉంట. మీరు సభకు రాంగనే మా ఇంటికాడ దిగుండ్రి. వాకిట్ల మంచమేస్త. పర్ధాన్ కింగ్రి తెస్తడు, మా నాయన ఊటకుండ కాడి నుంచి మొదలువెడ్తడు. మొత్తం కథ రెండు రోజులు. నడుమల లేస్తే మా ఆచారంల తప్పు, గందుకే సెలవు పెట్టుకొని రాండ్రి. అంతా విన్నంక, ఈ ఇంట్ల ఎవ్వలూ లేరని మా ముంగటనే, మీ చేత్తోని రాయుండ్రి.