పై నాలుగు గళ్లు

కొండ పరిశోధన కేంద్రం,
అక్టోబరు 11, ఉదయం.

బావకు నమస్కారం.

అక్క, పాప బాగున్నారని తలుస్తున్నాను. ఫోన్ చేసి అడిగే మొహం లేదు, నువ్వు ఎత్తవు కూడా. నువ్వు ఇక్కణ్ణించి వెళ్లిన మూడేళ్లకు రాస్తున్నాను కదా, 'మీరు' అందామనుకున్నాను. వీడికి మర్యాద ఎప్పుడొచ్చిందని అక్క నవ్వుతుందని మానేశాను.

అసలు విషయం. మన వాలు మీద క్వారీకి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది 18న, గురువారం, విచారణలో తేలుతుంది. క్వారీవాళ్ల చేతిలో ఉన్నది మన నివేదికే. జంతువుల లెక్క కోసం వాలు మీద గీసుకున్న గళ్లలో, పై నాలుగు గళ్లలో నువ్వున్న చివరి మూడేళ్లూ గడ్డిదొంగ ఒక్కటీ లేదని అందులో ఉంది. లేని జంతువు కోసం పని ఆపడమేమిటని వాళ్ల లాయరు అడుగుతున్నాడు.

ఇది చదివి వినిపిస్తే పాప, గడ్డిదొంగంటే ఎలుకా అంటుంది. కాదని చెప్పు. గుప్పెడంత ఉంటుంది, తోక ఉండదు, కుందేలుకు చుట్టం. చలికాలం కోసం గడ్డి కోసి బండల కింద దాచుకుంటుంది.

తొమ్మిది రోజులుగా ఎక్కుతున్నాను. కొండచరియ విరిగిపడి అప్పట్లో మూసుకుపోయిన దారిని క్వారీవాళ్లే సర్వే కోసం మళ్లీ వేశారు. ఐదున్నరకు బయలుదేరితే పైకి చేరేసరికి పది. ఒక్కో గడి దగ్గర నలభై నిమిషాలు కదలకుండా కూర్చుంటున్నాను. ఒక్క కూత వినపడలేదు. ఏడో రోజు ఒక గడ్డికుప్ప దొరికింది, ఎండి గోధుమరంగుకు తిరిగింది. పచ్చిదైతేనే సాక్ష్యమని డైరెక్టరుగారు కొట్టేశారు. నిన్న, దిండులా పెరిగే ఆ మొక్క మీద (కూర్చోబోయి నీ చేత తిట్లు తిన్నానే, అదే) ఏటవాలుగా తెగిన నాలుగు పూలకాడలు చూశాను. గడ్డిదొంగ కొరికితే కత్తెర పెట్టినట్టుంటుందని నువ్వే నేర్పావు. ఫోటో చూపిస్తే, నాలుగు కాడలు పట్టుకెళ్తే నవ్విపోతారయ్యా అన్నారాయన.

15న మంచు పడుతుందంటున్నారు. పడితే దారి మూసుకుపోతుంది. అంటే నాకు ఇంకా నాలుగు రోజులున్నాయి. కాళ్లకు రెండే ఉన్నాయి.

వంటావిడ పొద్దున డబ్బా చేతికిస్తూ, దారి తెలిసినవాణ్ణి తరిమేసి నువ్వేం వెతుకుతావు బాబూ అంది. నేను మూత బిగించుకుని వచ్చేశాను.

ఆమె అన్నది తప్పు కాదు. చూసి లేకపోతే సున్నా, చూడకపోతే గీత. నా మొదటి రోజున నువ్వు చెప్పిన పాఠం అదొక్కటే. అలాంటివాడివి, కొండ ఎక్కకుండానే సున్నాలు వేశావని నిన్ను పంపేశారు. దారే లేని మూడేళ్లూ లెక్క ఎలా వచ్చిందని పైవాళ్లు అడిగితే, నువ్వు లెక్క రాసుకున్న జేబుపుస్తకాలు కనిపించడం లేదని కేంద్రం జవాబు రాసింది. మనిషిని తీసేశారు, నివేదికను ఉంచారు. గేటు దగ్గర నా కాలర్ సరిచేసి, అన్నం మానేయకురా అని వెళ్లిపోయావు.

అందుకే అడుగుతున్నాను. 15 లోపల ఒక్కసారి రా. ఏ బండ కింద చూడాలో నీకు తెలిసినట్టు నాకు తెలియదు. అది కుదరకపోతే గురువారం విచారణకైనా రా. ఉత్తరం పాలవ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను, రేపటికి అందుతుంది.

ఇంకా బావమరిదినే అనుకుంటున్న
నేను.

తా.క.: పుస్తకాలు ఎక్కడికీ పోలేదు. నా బల్ల కింద సొరుగులో ఉన్నాయి. పై నాలుగు గళ్లకూ మూడేళ్లూ నువ్వు గీతలే పెట్టావు. కంప్యూటరు గీతను తీసుకోలేదు, నివేదికకు ఆ సాయంత్రమే గడువు. పన్నెండు సున్నాలూ కొట్టింది నేను. అడిగినప్పుడు, బావ రాసిందే ఎక్కించానన్నాను. ఒక్క గడ్డిదొంగ కనిపిస్తే ఈ మాట చెప్పే పని ఉండదనే తొమ్మిది రోజులూ ఎక్కాను. గురువారం పుస్తకాలు వాళ్ల ముందు పెడతాను. నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు. ముందు వరుసలో కూర్చో చాలు. నువ్వు ఎదురుగా ఉంటే నేను మాట మార్చలేను.