అమ్మ మోసుకొచ్చిన నిప్పు

చిరంజీవి తమ్ముడు సలోలికి,

అక్క ఐనీ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ పిల్లలూ కులాసా. తెల్లవాళ్ల సిపాయిలకు చిక్కకుండా నువ్వు మన పాత నేల కొండల్లో ప్రాణాలతో ఉన్నావని నీ జాబు చూశాకే నమ్మాను.

విత్తనాల సంగతి అడిగావు. మన మొక్కజొన్న ఈ పడమటి నేలలోనూ మొలిచింది, కంకులు పాలు పోసుకున్నాయి. తింటున్నవాళ్లని ఆ సిపాయిలు తుపాకులతో లేపి ఇటు తరిమినప్పుడు అమ్మ తెచ్చుకున్నవి రెండే: ఆ విత్తనాల మూట, మన పొయ్యిలోని నిప్పులెత్తిన కుండ. దారి పొడుగునా ఆ నిప్పుని ఆరనివ్వలేదు.

అమ్మ ఎలా పోయిందన్నావు. దారిలో, గడ్డకట్టిన పెద్ద నది ఒడ్డున, దగ్గి దగ్గి పోయింది. నేల రాయిలా ఉంటే గొయ్యి లోతుగా తవ్వలేకపోయాం. "మీ మామని ఏమీ చెయ్యనివ్వకే. ఎంతైనా వాడు నా తమ్ముడు" అంది. సరేనన్నాను.

ఇక నీ మూడో ప్రశ్న. దాక్సీ మామ బతికే ఉన్నాడా, వచ్చి వాడి అంతు చూస్తానని రాశావు. నీకు విల్లు పట్టడం నేర్పిన చేత్తోనే మన నేల తెల్లవాళ్లకి అమ్మేసే కాగితం మీద సంతకంగా గీత పెట్టాడు. మాకంటే ముందే పడవెక్కి వచ్చి, ఇక్కడ ఏటి పక్క మంచి భూమి చూసుకున్నాడు.

నువ్వు రానక్కర్లేదు. కొండ దిగితే నిన్ను పట్టుకుంటారు.

నేల అమ్మినవాడికి చావేనని మన శాసనం. అతని తల్లివైపు వంశం ఒప్పుకుంటే చంపినవాళ్ల మీద పగ ఉండదు. అమ్మ తర్వాత ఆ మాట చెప్పాల్సింది నేనే. మనవాళ్లు వచ్చి అడిగితే "కానివ్వండి" అన్నాను.

మామ తెలివైనవాడు, అడవిలో నక్కాడు. కొత్త కంకుల పండుగ దాకా దొరక్కపోతే చాలని అతని ఎత్తు. ఆ రోజు ఊరంతా పాత నిప్పు ఆర్పి కొత్త నిప్పు తెచ్చుకుంటారు, హత్య తప్ప ప్రతి తప్పూ మాసిపోతుంది.

ఇంతసేపూ రాయకుండా దాటేసింది ఇది. పండుగకి నాలుగు రోజుల ముందు లేత కంకులు కాల్చి పట్టుకుని అడవికి వెళ్లాను.

"పండుగ అయిపోయింది మామా, ఇక బయటికి రా."

కంకి వాసన చూసి ఏడ్చాడు. "నువ్వు తిన్నావటే?" అన్నాడు.

అతని కళ్లెదుటే కొరికి తిన్నాను. పండుగకి ముందు మనవాళ్లెవరూ కొత్త కంకి ముట్టరు కదా, అందుకే నమ్మాడు. "అక్క ఉంటే ఎంత సంతోషించేదో" అంటూ నా వెనకాలే నడిచాడు. వాగు దగ్గర మనవాళ్లు కాచుకుని ఉన్నారు. "ఐనీ!" అని ఒక్కసారే పిలిచాడు. నేను వెనక్కి తిరగలేదు. మనసులో జాలి ఉందేమోనని వెతుక్కున్నాను, లేదు.

నిన్న అసలు పండుగ అయింది. పక్కింటి అవ్వ కొత్త నిప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఆ పాతది ఆర్పెయ్యవే పిల్లా, అందరి తప్పులూ పోతాయి" అంది. తలుపు వేసేశాను.

ఆ కాగితం మీద గీతలు పెట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. నా తప్పు పోకపోయినా ఫరవాలేదు తమ్ముడూ, వాళ్లది పోకూడదు. అమ్మ తెచ్చిన నిప్పు మీదే ఇప్పుడు వంట చేస్తున్నాను.

ఇట్లు,
అమ్మకిచ్చిన మాట తప్పిన నీ అక్క,
ఐనీ